కండువా అంచు మీద పేరు

రాఖీ పున్నమి పొద్దున ఆరున్నరకు, సూరత్ గోడాదరాలోని తన రెండు గదుల ఇంట్లో వెంకటయ్య కొత్త చొక్కా తొడుక్కుని, అద్దం ముందు నిలబడి, తన పేరు తానే ఒకసారి పైకి పలికి చూసుకున్నాడు. బాగానే ఉందనిపించింది. ఇంకోసారి పలికాడు. ఆ మధ్యాహ్నానికల్లా ఆ పేరు కొత్త కండువా ఎర్రంచు మీద నేతలో పడి, మార్కండేయ స్వామి భుజం మీదికి ఎక్కబోతోంది మరి. మనిషన్నాక ఆ మాత్రం ఉబ్బు ఉండదా?

"ఎవల్తోని మాట్లాడుతున్నవయ్యా?" వంటింట్లోంచి భార్య నర్సవ్వ అడిగింది.

"ఎవల్తోని లేదు. నువ్వు పసుపు కలిపినవా లేదా?"

"గిన్నెడు కలిపిన. మెషిన్‌కు పెడతవా, నువ్వే పూసుకుంటవా?"

వెంకటయ్య లింబాయత్‌లో ఒక మగ్గాల కార్ఖానాలో జకార్డ్ మాస్టర్. అంటే గుడ్డ మీద పువ్వు పడాలన్నా నెమలి పడాలన్నా ఏ దారం ఎప్పుడు లేవాలో చూసుకునే మనిషి. సిరిసిల్ల దిక్కు నుంచి పెళ్లాన్ని వెంటబెట్టుకుని సూరత్ వచ్చి ముప్ఫై ఏళ్లయింది. ఈ ముప్ఫై ఏళ్లలో అతని చేతి మీదుగా పోయిన గుడ్డనంతా పరిస్తే ఎంత దూరం వస్తుందో ఎవరూ కొలవలేదు గానీ, ప్రతి మీటరు అంచు మీదా ఏదో ఒక కంపెనీ పేరే ఉండేది. రింగ్ రోడ్ మార్కెట్లో ఆ తానులు కనబడ్డప్పుడల్లా "ఇది నేను నేయించిందే" అని పక్కవాడికి చెప్పేవాడు. పక్కవాడు అంచు చూసి కంపెనీ పేరు చదివి ఊరుకునేవాడు. వెంకటయ్యకు ఒళ్లు మండేది.

ఈ ఏడు ఆ మంట చల్లారే రోజు వచ్చింది. పున్నమి నాడు పద్మశాలి సమాజం వాళ్లు రథం తీస్తారు. స్వామికి కొత్త కండువా కప్పుతారు. ఈసారి కండువా వెంకటయ్య సొంత డిజైన్‌తో, అంచు మీద పేరుతో రావాలని సమాజం అధ్యక్షుడు పరుశురాం నిండు సభలో ప్రకటించాడు. ఆ సభ నుంచి ఇంటికి ఆటోలో రావలసినవాడు, దారిలో అందరికీ చెప్పుకోవచ్చని నడిచి వచ్చాడు వెంకటయ్య.

తర్వాత మూడు నెలలు గళ్ల కాగితం మీద తామరపూలు, మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే నాడెలు గీశాడు. కూతురు జమున ఒక డిజైన్ దుకాణంలో కంప్యూటర్ పని చేస్తుంది. ఆ గీతలన్నిటినీ ఆమె మెషిన్‌కు అర్థమయ్యే ఫైలుగా మార్చింది. అక్షరాల మందం సరిపోతుందో లేదో చూడడానికి ముందొక ట్రయల్ చేద్దామంటే మాత్రం వెంకటయ్య మొండికేశాడు.

"ట్రయల్ అంటే ఖరాబయ్యేదే గదా? నా పేరు ఖరాబ్ చెయ్యకు. ఇంకేదన్న పేరు ఎయ్."

జమున నవ్వుకుని, నోటికొచ్చిన పేరు వేసి ట్రయల్ చూసుకుంది. ఆ తర్వాతే తండ్రి పేరుతో అసలు ఫైలు చేసింది. నిన్న సాయంత్రం వెంకటయ్య కార్ఖానాలో వాడే పెన్ డ్రైవ్ తీసి, అందులో అతను దాచుకున్న నాలుగు వందల జానపద పాటల్ని చెరిపేసి, శుభ్రంగా ఫార్మాట్ చేసి, ఆ ఫైలు ఎక్కించింది. పాటలు పోయినందుకు వెంకటయ్య రెండు గంటలు మాట్లాడలేదు. కండువా గుర్తొచ్చి మూడో గంటలో మాట్లాడాడు.

ఎనిమిదింటికి ముగ్గురూ కార్ఖానాకు చేరుకున్నారు. పండగకు పని బంద్. కొత్త మెషిన్‌ను ఒక్క పూట వాడుకోమని శేఠ్ మాటిచ్చాడు. కానీ తాళాలు వాచ్‌మన్ గణపతి దగ్గర ఉన్నాయి. గణపతికి ఉధనాలో చెల్లెలు ఉంది.

"మాస్టర్, పన్నెండు కొట్టంగనే షటర్ బంద్," అన్నాడు గణపతి, అప్పటికే తల దువ్వుకుని. "నా చెల్లె రాఖీ కట్టకుండ అన్నం తినది. దానికి షుగర్."

"మూడు మీటర్ల కండువకు అర్ధగంట చాలు. పదింటికే ఇంట్ల ఉంటం," అన్నాడు వెంకటయ్య దర్జాగా.

పూజ మొదలైంది. మగ్గం మీదికి కొత్త పడుగు ఎక్కినా, కత్తెర కొన్నా, ముందు పసుపు పడాల్సిందే. సొంత పేరు నేసే రోజున పసుపుకు పిసినారితనం ఏమిటి? మెషిన్ నుదుటికి, నాలుగు కాళ్లకు, ఆన్ బటన్‌కు, తెరకు నాలుగు మూలలా, తెర కింద పెన్ డ్రైవ్ దూర్చే సందుకు, అన్నిటికీ నిండుగా పెట్టాడు. కుంకుమ బొట్లు, అగరుబత్తి, దండం. తర్వాత పెన్ డ్రైవ్‌ను కళ్లకద్దుకుని సందులోకి తోశాడు.

తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. జమున చదివింది. "పెన్ డ్రైవ్ లేదంటున్నది బాపు."

"లేకపోవుడేంది? నా ఏళ్ల ముందట లోపలికి పోయింది గదా!"

తీసి, ఊది, చొక్కాకు తుడిచి, మళ్లీ పెట్టాడు. లేదంది. తిప్పి పెట్టబోతే దూరలేదు. వెంకటయ్య కూతురి వైపు తిరిగాడు.

"మొన్నటి దాక ఇదే పెన్ డ్రైవ్, ఇదే మెషిన్. మంచిగ చదివింది. నువ్వు నిన్న పాటలు తీసేసి ఫార్మాట్ కొట్టినవ్, ఇయ్యాల చదువుతలేదు. కోర్టుకు పోయినా కేసు నాదే."

జమున ముఖం చిన్నబోయింది. ఎందుకంటే ఆమెకూ అదే అనుమానం. ఫార్మాట్ చేసేటప్పుడు ఏ పద్ధతి ఎంచుకుందో సరిగా గుర్తు లేదు. ఈ మెషిన్లు పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన వాటినే చదువుతాయి. "టెన్షన్ మత్ లో బాపు, పరేషాన్ గాకు, ఏక్ మినిట్," అంటూ సంచిలోంచి లాప్‌టాప్ తీసింది. పెన్ డ్రైవ్‌కు అంటిన పసుపును చున్నీతో తుడిచి దానికి పెట్టింది. ఫైలు చక్కగా కనబడింది. దాన్ని లాప్‌టాప్‌లోకి దింపి, పెన్ డ్రైవ్‌ను పాత పద్ధతిలో మళ్లీ ఫార్మాట్ చేసి, ఫైలు తిరిగి ఎక్కించింది.

"ఇగ చూడు," అంది.

అందరూ చూశారు. లేదంది మెషిన్.

"కొబ్బరికాయ కొట్టకపోతివి," అంది నర్సవ్వ.

గణపతి పరుగెత్తి కొబ్బరికాయ తెచ్చాడు. వెంకటయ్య కాయ కొట్టాడు, ఇంకో విడత పసుపు పెట్టాడు. మొదటిసారి పలచగా పెట్టానేమోనని ఈసారి వేలితో అదిమి మరీ పెట్టాడు. మెషిన్ కరుణించలేదు. టైము తొమ్మిదిన్నర దాటింది. పరుశురాం ఫోన్ చేశాడు. "వెంకటయ్యా, మైకుల చెప్పేసిన! మన వెంకటయ్య డిజైన్, మన వెంకటయ్య పేరు అని. జనం బాగొచ్చిండ్రు!" వెంకటయ్య "ఆఁ, నడుస్తున్నది" అని ఫోన్ పెట్టేశాడు. నడుస్తున్నది అతని గుండె ఒక్కటే.

సరిగ్గా అప్పుడు శరత్ వచ్చాడు. విజయవాడ కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. నాలుగు నెలల కిందట సూరత్ వచ్చి, వెంకటయ్య వాళ్ల పై వాటాలో అద్దెకుంటున్నాడు. కండువా నేయడం వీడియో తీస్తానని కెమెరా మెడకు వేసుకుని వచ్చాడు. సంగతి విని కెమెరా పక్కన పెట్టి చేతులు మడిచాడు.

"పెన్ డ్రైవేనా అంకుల్? మా ఆఫీసులో నలభై సర్వర్లు నేను ఒక్కణ్నే చూసుకుంటానండీ. ఇలా ఇవ్వండి."

వెంకటయ్యకు ప్రాణం లేచొచ్చింది. శరత్ పెన్ డ్రైవ్‌ను కర్చీఫ్‌తో తుడిచి, లాప్‌టాప్‌కు పెట్టి, కళ్లు చిన్నవి చేసి చూశాడు.

"క్విక్ ఫార్మాట్ చేశావా జమునా? అదీ సంగతి. పైపైన ఊడ్చావు. ఫుల్ ఫార్మాట్ చేయాలి, మూలమూలలా కడిగినట్టు. దానికో పావుగంట పడుతుంది."

"నేను ఉండాల్నా?" అడిగింది జమున.

"అక్కర్లేదు. నువ్వెళ్లి టీ తాగిరా."

జమున తల్లితో కలిసి టీకి వెళ్లింది. ఇదొక్కటి జరగకపోయి ఉంటే రెండో గండం వచ్చేది కాదు. ఫుల్ ఫార్మాట్ నడుస్తుంటే శరత్‌కు చేతులు ఊరుకోలేదు. లాప్‌టాప్ నత్తనడక నడుస్తోంది. ఏముందా అని చూస్తే తెర మీద ఒక వింత ఫైలు కనబడింది. తెల్ల కాగితం బొమ్మ, తలా తోకా లేని పేరు, ఏ సాఫ్ట్‌వేరుతో తెరిచినా తెరుచుకోదు. పైగా ఈ పొద్దునే వచ్చి కూర్చుంది. అతనికి ఒళ్లు జలదరించింది.

జమున తిరిగొచ్చేసరికి శరత్ ముఖం వెలిగిపోతోంది.

"దొరికింది అంకుల్! వైరస్! పెన్ డ్రైవ్ నుంచి లాప్‌టాప్‌లోకి కూడా పాకింది. రెండు చోట్లా పీకి పారేశాను, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. ఇక తిరిగి రమ్మన్నా రాదు."

"శాబాష్ బిడ్డా!" అని వెంకటయ్య అతని వీపు తట్టాడు.

జమున లాప్‌టాప్ చూసింది. ఇంకోసారి చూసింది. "అరే బాప్ రే," అని కింద కూర్చుండిపోయింది. "శరత్ భయ్యా, అది వైరస్ కాదు. బాపు డిజైన్."

వెంకటయ్య తట్టిన చెయ్యి ఇంకా శరత్ వీపు మీదే ఉంది. దాన్ని మెల్లగా తీసుకున్నాడు.

పోయిన ఫైళ్లను తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్లు ఉంటాయని శరత్ అన్నాడు. రెండు దింపి చూశాడు. ఒకటి ఏమీ లేదంది, రెండోది మూడు వందల జానపద పాటలు దొరికాయని చెప్పి, వాటి పేర్లు మాత్రమే చూపించింది. అసలు ఫైలు డిజైన్ దుకాణం కంప్యూటర్‌లో ఉంది. రాఖీకి దుకాణం మూసి, యజమాని అక్కగారి ఊరికి వెళ్లాడు. ఫోన్ కొడితే స్విచ్చాఫ్. "హవే శుం? ఇప్పుడెట్ల బాపు?" అంటూ జమున ఏడుపు ముఖం పెట్టింది. పదకొండయింది. గణపతి షటర్ దగ్గర కొత్త చెప్పులు వేసుకుని నిలబడ్డాడు.

వెంకటయ్య మెషిన్ పక్కన నేల మీద కూలబడ్డాడు. కొత్త చొక్కాకు పసుపు మరకలు, చేతికి కొబ్బరి నీళ్లు. అతనికి నిజంగానే కన్నీళ్లొచ్చాయి.

"ముప్ఫై ఏండ్లు మంది పేర్లు నేసిన. దారం తెగితె ముడేసిన, పువ్వు వంకరైతె సర్దిన. ఒక్కసారి, ఒక్క గజం బట్ట మీద నా పేరు రావాలన్న. గంతే గదా అడిగింది? మైకుల చెప్పిండ్రు. ఇగ నేను ఆ గుడి మొకం ఎట్ల చూడాలె?"

నర్సవ్వ నడుముకు చెక్కుకున్న సంచిలోంచి తన పాత ఫోన్ తీసింది. చాలాసేపు వేలితో పైకీ కిందికీ తోసి, కూతురి ముందు పెట్టింది.

"గిదేమో చూడు. మొన్న నువ్వే పంపితివి గదా, బాపు గీసింది తయారైందమ్మా అని."

తెల్ల కాగితం బొమ్మ. తలా తోకా లేని పేరు.

"అమ్మా! ఇది నీ ఫోన్ల తెరుచుకోదు గదా. ఎందుకు ఉంచినవ్?"

"తెరుచుకోకపోతె ఏమాయె? ఫోన్ నిండిందంటె మా చిన్నమ్మ పంపిన గుడ్ మార్నింగులు తీసేసిన. గిది తియ్యబుద్ది కాలె."

శరత్ వైరు తెచ్చాడు. నలభై సర్వర్లు చూసుకునే మనిషి ఒక్కో బటన్‌కూ జమున వైపు చూస్తూ ఆ ఫైలును ఫోన్‌లోంచి లాప్‌టాప్‌లోకి, లాప్‌టాప్‌లోంచి పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాడు. ఎక్కించి, మూడు చోట్ల దాచాడు. అడగకుండానే దాచాడు. వెంకటయ్య లేచి, పెన్ డ్రైవ్ అందుకుని, ఊపిరి బిగబట్టి సందులోకి తోశాడు.

లేదంది మెషిన్.

"ఇంకో రకం ఫార్మాట్ ఉంది అంకుల్..." అని శరత్ మొదలుపెట్టాడు.

"నోర్ముయ్ బిడ్డా," అన్నాడు వెంకటయ్య ప్రేమగానే.

నర్సవ్వ మెషిన్ దగ్గరికొచ్చి వంగింది. ఆమె ఇంట్లో కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని చేస్తుంది. ఎంత సన్నని పోగైనా ఆమె కంటికి దొరకాల్సిందే. సందులోకి ఒక కన్ను పెట్టి చూసింది.

"ఏందయ్యా, దీని నోట్లె గింత పసుపు కుక్కినవ్? పాపం, గొంతుల పడ్డది. ఏం చదువుతది?"

నలుగురి తలలూ ఒక్కసారే వంగి ఒకదానికొకటి కొట్టుకున్నాయి. నిజమే. పొద్దున పెట్టిన పసుపు, కొబ్బరికాయ తర్వాత అదిమి పెట్టిన పసుపు, పెన్ డ్రైవ్ లోపలికి తోసినప్పుడల్లా ఇంకాస్త లోపలికి పోయి, గట్టిగా ఎండి కూర్చుంది. పొద్దున్నుంచి పెన్ డ్రైవ్‌ను తుడవని వాడు లేడు, మెషిన్ సందులోకి చూసిన వాడు లేడు. నిన్న జమున చేసిన ఫార్మాట్‌లో వంక లేదు. ఇవాళ చేసినవేవీ అవసరమే లేదు.

"కేసు నాదే అన్నవ్ గదా బాపు?" అంది జమున.

వెంకటయ్య పసుపు గిన్నెను కాలితో మెల్లగా మెషిన్ కిందికి జరిపాడు.

జమున మెయిన్ స్విచ్ ఆపింది. నర్సవ్వ తన సన్నని దారాల కత్తెర మొనతో, బియ్యంలోంచి రాళ్లు ఏరినంత ఓపికగా పసుపంతా గీకి తీసింది. చివరికి బుడ్డ కుంచె పెట్టి దులిపింది. మెయిన్ వేశారు. పెన్ డ్రైవ్ పెట్టారు. మెషిన్ కుయ్యిమంది. తెర మీద తామరపూలు, నాడెలు బారులు తీరాయి. శరత్ చప్పట్లు కొట్టబోయి, తనకు ఆ హక్కు లేదని గుర్తొచ్చి ఆగిపోయాడు.

పదకొండు ఇరవై ఆరుకు మగ్గం కదిలింది. మీటరుకు పది నిమిషాలు. మొదటి తామర పడగానే వెంకటయ్య వెన్ను నిటారైంది. అది ఏ కంపెనీదీ కాదు. అతని పెన్సిల్ గీతే, ఒక్క గడి అటూ ఇటూ కాలేదు. "చూడుండ్రి, నాడె మొన చూడుండ్రి, సూది లెక్క వచ్చింది," అంటూ శరత్‌కూ గణపతికీ చూపించాడు. గణపతి చెల్లెలిని మరిచిపోయి చూశాడు. "మాస్టర్, సచ్ మే, గిసొంటిది ఈ కార్ఖానల ఎన్నడు రాలె," అన్నాడు. ఆ మాటకు వెంకటయ్య ఛాతీ ఇంకో అంగుళం పెరిగింది.

పదకొండు యాభై రెండు. పూలు అయిపోయి ఎర్రంచు మీద అక్షరాలు మొదలయ్యాయి. వెంకటయ్య కళ్లద్దాలు తుడుచుకుని వంగాడు. 'వ' కోసం చూస్తున్నాడు. వచ్చింది 'న'.

జమున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "బాపు... అమ్మకు పంపింది అసలు ఫైలు కాదు. ట్రయల్ ఫైలు. నువ్వే గదా నా పేరు వద్దన్నవ్? గప్పుడు..."

వెంకటయ్య చెయ్యి మగ్గం ఆపే ఎర్ర బటన్ మీదికి పోయింది. మళ్లీ నేసే టైము లేదు. కానీ ఇప్పుడే ఆపి, ఆ ఒక్క అక్షరం దగ్గర కత్తిరిస్తే పేరు లేని కండువా అయినా మిగులుతుంది. దేవుడి భుజం మీద డిజైన్ అతనిదే ఉంటుంది. మైకులో పరుశురాం చెప్పేసిందీ అతని పేరే. చెయ్యి బటన్ మీద అలాగే ఉంది. మగ్గం 'ర్స' నేస్తోంది.

నర్సవ్వ పక్కకొచ్చి వంగింది. ఆమెకు చదువు రాదు. జమున పట్టుబట్టి నేర్పిన సంతకం ఒక్కటే వచ్చు. అంచు మీద పడ్డ ఆ రెండు అక్షరాలను వేలితో తాకకుండా గాలిలోనే దిద్దింది.

"గిది నా పేరే గదనే జమునా? పంపినప్పుడు చెప్పితివి, దాంట్ల నా పేరున్నదని. గందుకే తియ్యబుద్ది కాలె." ఆమె కళ్లు మెరుస్తున్నాయి. "ఎంత మంచిగ పడ్డదయ్యా."

వెంకటయ్య చెయ్యి బటన్ మీంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. మగ్గం 'వ్వ' నేసి ఆగింది. పదకొండు యాభై ఏడు.

రథం దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. పరుశురాం కండువా అందుకుని, మైకు ముందు పరిచి, తామరలను మెచ్చుకుని, నాడెలను మెచ్చుకుని, గొంతు సవరించుకుని పేరు చదివాడు. "అంచు మీద మన వెంక... న... ఏందిది? నర్సవ్వ?" జనంలో కొందరు కిసుక్కున నవ్వారు. మెషిన్ల తప్పు పడ్డదా అని ఎవరో అడిగారు.

వెంకటయ్య నడుచుకుంటూ పోయి మైకు లాక్కున్నాడు.

"తప్పు లేదు. నర్సవ్వనే. మా ఇంటామె. ముప్ఫై ఏండ్ల సంది చీరల దారాలు కత్తిరిస్తున్నది. ఎన్ని లచ్చల చీరలో ఆమెకే ఎరుక లేదు. ఒక్క చీర మీదన్న ఆమె పేరున్నదా? మీ ఇండ్లల్ల ఆడోళ్ల పేరున్నదా? ఇయ్యాల దేవుని భుజం మీద ఉన్నది. డిజైన్ నాది, పేరు ఆమెది. ఎవనికన్న తక్లీఫ్ ఉన్నదా?"

ఎవరికీ లేదు. ముందు ఆడవాళ్ల వైపు నుంచి చప్పట్లు మొదలై, వీధంతా పాకాయి. నర్సవ్వ కొంగు నోట్లో కుక్కుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా నిలబడింది. అంతమందిలో ఆమెనే చూస్తూ వెంకటయ్య ముప్ఫై ఏళ్లలో ఎన్నడూ నిలబడనంత నిటారుగా నిలబడ్డాడు. ఆ నిలబడటంలో అబద్ధం లేదు.

ఇంత గొప్ప ఆలోచన ఎప్పటి నుంచి మనసులో ఉందని పరుశురాం మైకులోనే అడిగితే, వెంకటయ్య తడుముకోకుండా ముప్ఫై ఏళ్లన్నాడు. మెషిన్ లెక్క ప్రకారం అయిదు నిమిషాలు.